మంచం కోళ్ళు పడగొట్టిన ఎండాకాలం

మొన్న ఆఫీసువాళ్ళు మమ్మల్నొక మాల్‌కి తీసుకెళ్ళారు. పని చేయించుకోవడం చాలక, అప్పుడప్పుడూ మమ్మల్ని సంతోషపెట్టే బరువు కూడా వాళ్ళే నెత్తినేసుకున్నారు. పై అంతస్తులో బౌలింగ్. కౌంటర్లో పిల్ల నా చెప్పులు తీసుకుని, ఎవరో విడిచిన బూట్లలోకి ఏదో సెంటు కొట్టి ఇచ్చింది. రంగు లైట్లు, పాటలు, ఎముకలు కొరికే ఏసీ. అవతలి కొసన ఒక యంత్రం పది తెల్లటి పిన్నులు దింపి, ముక్కోణంలో నిలబెట్టి, పైకి వెళ్ళిపోయింది.

"నాలుగు చుక్కలు, సందు చుక్క, ఒకటి వచ్చే వరకూ," అన్నాను పైకే.

మా టీమ్ లీడ్ ఇటు తిరిగాడు. "అదేమైనా స్ట్రాటజీనా?"

"ముగ్గండీ."

ఆయన తలూపి ఊరుకున్నాడు. మర్యాదస్తుడు.

నాకు మాత్రం అంత చలిలోనూ పత్తిగింజల వాసన తగిలింది. నాకింకా అంత వయసేం కాలేదు. కానీ నేను చూసిన కొన్నింటికి కాలం తీరిపోయింది. వాటిలో మా ఊరి జిన్నింగ్ మిల్లు షెడ్డొకటి.

మాది సత్తెనపల్లికి బస్సు దూరంలో ఉన్న ఊరు. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప, మధ్యలో తుమ్ముతూ మేము. అక్కడ ఆడవాళ్ళకి బౌలింగ్ నేర్పింది మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క. ఆవిణ్ణి ఆ పని చెయ్యమని ఎవరూ అడగలేదు. జీతం ఇచ్చినవాళ్ళూ లేరు. ఇవ్వాళ్టికీ లేరు.

పెదనాన్న కంటి ఆపరేషన్‌కని హైదరాబాదు వెళ్ళారు వాళ్ళు. ఆయన చుట్టాలింట్లో కంటికి కట్టుతో పడుకుని ఉంటే, ఆ ఇంటి పిల్లలు పెద్దమ్మని ఆటకి లాక్కుపోయారు. మొదటి బంతి పక్క కాలవలోకి పోయింది. ఇంకోసారి వేస్తే పిన్నులన్నీ పడ్డాయి. లైట్లు వెలిగాయి. పక్కనున్న ముక్కూమొహం తెలియనివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అప్పటిదాకా ఆవిడకి చప్పట్లంటే భజనలో తను కొట్టేవే తెలుసు. తనకోసం కూడా ఎవరైనా కొడతారని తెలియదు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా పెద్దమ్మ కళ్ళు చెమ్మగిల్లేవి. పక్కనే కూచున్న పెదనాన్న కళ్ళూ చెమ్మగిల్లేవి గానీ, అది ఆపరేషన్ వల్ల.

ఊరికి రాగానే ఆవిడ మొదట వెళ్ళింది సాయిబుగారి కార్ఖానాకి. ఆయన లేతు మిషను మీద మంచం కోళ్ళు తీసేవారు. నున్నగా, నడుం దగ్గర సన్నగా, పైన బుడిపెతో, ముద్దొచ్చేవి. కార్ఖానాలో రంపపు పొట్టు, లక్క కలిసిన వాసన. నేను లక్క ముక్కలేరుకోవడానికని వెంట వెళ్ళాను.

"సాయిబుగారూ, నాకు పది మంచం కోళ్ళు కావాలి."

"మంచానికి నాలుగే గదమ్మా. పదేం చేసుకుంటావు?"

"మంచం వద్దు. కోళ్ళే కావాలి."

"మరి పడుకునేదెట్టా?"

"పడుకోటానికి కాదండీ, పడగొట్టటానికి."

సాయిబుగారు మిషను ఆపేశారు. ఆయన తాత, తండ్రి, ఆయనా, అందరూ పడిపోని కోళ్ళు చేసి పేరు తెచ్చుకున్నవాళ్ళు. చాలాసేపు గడ్డం నిమురుకుని ఒప్పుకున్నారు. కానీ చెయ్యి మాట వినలేదు. మొదటి పదీ అడుగు ఎంత వెడల్పుగా, ఎంత గట్టిగా చేశారంటే, బంతి వెళ్ళి కొట్టుకుని వెనక్కి వచ్చింది. కోడు కదల్లేదు. ఆయన మొహంలో గర్వం.

అప్పుడు ఆయన భార్య లోపల్నుంచి వచ్చింది. మేమంతా ఆవిణ్ణి ఖాలా అనేవాళ్ళం. "వాళ్ళు పడాలంటన్నారు గదయ్యా. పడనీ. పడితే నీ పరువేం పోదులే," అంది. రెండోసారి చేసినవి బాగా పడ్డాయి. సాయిబుగారు మాత్రం ఆట చూడటానికి ఒక్కసారి కూడా రాలేదు. తన కోళ్ళు పడుతుంటే చూడలేరట.

బంతి తుమ్మ మొద్దుతో అయింది, వేళ్ళు పెట్టుకోవడానికి చిల్లులతో. అంతకుముందు పీచు తీసిన కొబ్బరికాయతో ప్రయత్నించాం. అది తిన్నగా వెళ్ళలేదు, పగిలింది, తినేశాం. ఆ రోజు అందరం గెలిచాం.

ఇక చోటు. మిల్లు యజమానిని ఊరంతా మిల్లు తాతగారు అనేది. పత్తి సీజను అయిపోయాక ఆయన రేకుల షెడ్డు మళ్ళీ పత్తి వచ్చేదాకా ఖాళీ. నేల నున్నటి గచ్చు. పెద్దమ్మ వెళ్ళి అడిగితే ఆయన ఆట ఏమిటని కూడా అడగలేదు. "ఆడుకోండమ్మా. అగ్గిపెట్టె మాత్రం తేవొద్దు," అన్నారు.

కోళ్ళు ఎలా నిలబెట్టాలో పెద్దమ్మ మొదటిరోజు అందరికీ చేతులూపుతూ చెప్పింది. ముందు ఒకటి, వెనక రెండు, వాటి వెనక మూడు... ఎవరికీ ఎక్కలేదు. మా అమ్మ కాసేపు చూసి, "ఓసి అదా! నాలుగు చుక్కలు, సందు చుక్క, ఒకటి వచ్చే వరకూ. దానికి ఇంత ఉపన్యాసం ఎందుకక్కా?" అని డబ్బాలో ముగ్గు తీసి చకచకా చుక్కలు పెట్టేసింది. చుక్కకొక కోడు. ఆ తర్వాత ఎవరికీ మళ్ళీ చెప్పాల్సిన పని రాలేదు.

సాయంత్రం నాలుగింటికల్లా వచ్చేవాళ్ళు. మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్ళినవాళ్ళు అటునుంచటే వచ్చేవాళ్ళు, మండుతున్న వేళ్ళతో. ఆ వేళ్ళే బంతి చిల్లుల్లో పెట్టేవాళ్ళు. దాంతో చిల్లుల్లోకి కారం పట్టేసింది. నా వంతు అయ్యాక నేను అలవాటుగా కళ్ళు నులుముకునేదాన్ని. మా ఊళ్ళో ఏడుస్తూ ఆడినదాన్ని నేనొక్కదాన్నే. ఓడిపోయినందుకు ఏడుస్తున్నాననుకుని అందరూ ఓదార్చేవాళ్ళు. ఓడిపోవడం కూడా నిజమే కాబట్టి నేను కాదనలేదు.

షెడ్డు మూలల్లో పత్తి పింజలు మిగిలి ఉండేవి. పిల్లలం వాటితో మీసాలు పెట్టుకుని మిల్లు తాతగారిలా చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాళ్ళం. ఓసారి ఆయనే ఎదురొచ్చి, "ఎడం మీసం ఊడిపోతంది, చూసుకో," అని వెళ్ళిపోయారు. ఆట అయ్యాక పెద్దమ్మ మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమామిడి తరిగి, కారం, నూనె వేసి పెద్ద బేసిన్లో కలిపేది. ఆ బేసిన్ చుట్టూ కూచుని అత్తగార్ల గురించి అనుకునే మాటలు నేను ఇక్కడ రాయను. అందులో కొందరు అత్తగార్లు ఆ బేసిన్ చుట్టూనే ఉండేవాళ్ళు.

ఇంటి పట్టున ఉండేవాళ్ళకి, పొలం నుంచి వచ్చేవాళ్ళకి, బీడీ కట్టే బాధ నుంచి లేచొచ్చే ముసలమ్మకి, రోజు మొత్తంలో ఎవరికీ ఏదీ వండకుండా, ఎవరూ ఏదీ అడక్కుండా గడిచేది ఆ ఒక్క గంటే. ఇది నాకు అప్పుడు తెలియదు. అప్పుడు నా ధ్యాసంతా మరమరాల మీద.

మా నాన్నకి ఇదంతా వేళాకోళం. "వదినగారూ, ఇవాళ ఎన్ని మంచాలు కుంటివి చేశారు?" అనేవాడు.

"మీ మంచం మాత్రం వదిలేశాం మరిదిగారూ. మా చెల్లెలు పడిపోద్దని," అనేది పెద్దమ్మ.

అలా రెండు మూడు ఎండాకాలాలు నడిచింది. మధ్యలో కార్తీకమాసం సముద్రస్నానానికి వాడరేవు వెళ్ళినప్పుడు పెద్దమ్మ సంచిలో బంతీ కోళ్ళూ వేసుకెళ్ళింది. అందరూ దీపాలు వదిలే పనిలో ఉంటే, ఆవిడ చేపలెండబెట్టే గచ్చు చూసి అక్కడి ఆడవాళ్ళతో బేరం పెట్టుకుంది: "మీ చేపలు ఎత్తేశాక ఇది ఖాళీయేనా?" అని. వచ్చే ఎండాకాలానికి వాళ్ళూ తయారు. మా ఊరికి వచ్చి ఆడతామన్నారు. ఆదివారం పోటీ అని ఖాయమైంది.

అదే ఏడు మిరప రేటు పడిపోయింది. అందరూ అమ్మకుండా ఆగారు. కోల్డ్ స్టోరేజీలు నిండిపోయాయి, గేట్లు వేసేశారు. మిగిలినవాళ్ళ బస్తాలు కల్లాల్లోనే, పట్టాల కింద. మా నాన్నవీ అక్కడే. సంవత్సరం కష్టమంతా ఒక నీలం పట్టా కింద పెట్టుకుని, ఆయన రోజూ ఆకాశంకేసి చూసేవాడు. తడిసిన మిరపకాయకి బూజొస్తుంది, నల్లబడుతుంది, ఆ తర్వాత దాన్ని అడిగేవాడుండడు.

శనివారం మధ్యాహ్నం దక్షిణాన మబ్బు పట్టింది. నాన్న, ఇంకొందరు రైతులు మిల్లుకి పరిగెత్తారు. షెడ్డు ఇవ్వమని అడిగారు.

మిల్లు తాతగారు తాపీగా, "ఎండాకాలంలో ఆ షెడ్డు నాది కాదు. మీ వదినగారిది. వెళ్ళి ఆవిణ్ణడుగు," అన్నారు మా నాన్నతో.

నాన్న వచ్చాడు. పెద్దమ్మ అప్పుడు మర్నాటి పోటీకి చెక్కలు వేయిస్తోంది. నేను పక్కన కూచుని వేగినవి వేగినట్టు రుచి చూస్తున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి కండువా తీసి మళ్ళీ వేసుకున్నాడు. మా నాన్నకి మాట దొరక్కపోవడం నేను చూసింది అదే మొదలు.

"వదినా, అదీ... మీ మంచం కోళ్ళ..."

"బస్తాలు ఎన్ని బళ్ళు అవుతాయి?" అంది పెద్దమ్మ, మూకుట్లోంచి చూపు తిప్పకుండా.

"రేపు మీ పోటీ గదా?"

"వాన మా పోటీ చూసి ఆగుద్దా? పొండి, తోలుకు రాండి. మధ్యలో ఒక దారి మాత్రం వదలమనండి హమాలీలని."

ఆయన కదల్లేదు. ఏదో గొప్ప మాట అనబోయాడు. "చెక్క తిని పొండి," అంది ఆవిడ. ఆ గొప్ప మాటేదో చెక్కతోపాటు లోపలికి పోయింది.

చీకటి పడేలోపు షెడ్డు ఎర్రటి బస్తాలతో నిండింది. రెండు వైపులా గోడల్లా పేర్చి, మధ్యలో సన్నటి దారి వదిలారు. ఆ తర్వాత వాన పడింది, రేకుల మీద రాళ్ళు విసిరినట్టు. ఒక్క కాయ తడవలేదు.

ఇక ఆదివారం పొద్దున్న జరిగింది మా ఊళ్ళోనే జరుగుతుంది.

పెద్దమ్మ వాడరేవు వాళ్ళని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్ళింది. షెడ్డులో మిగిలినవాళ్ళకి దిగులేసింది. సగం పైన చోటు పోయింది, ఈ దారి కూడా ఎన్నాళ్ళుంటుందో, ఇదే ఆఖరి ఆటేమో అని. దిగులేస్తే మావాళ్ళు చేసే పని ఒకటే. కోళ్ళు పదీ కడిగారు. పసుపు రాశారు. ఒక్కోదానికి ఎదురుగా కుంకుమ బొట్టు పెట్టారు. ముందు నిలబడే కోడుకి మా అమ్మ కనకాంబరాల దండ వేసింది. బంతికి కూడా బొట్టు. కర్పూరం వెలిగించబోతే, అగ్గిపెట్టె తేవొద్దన్న తాతగారి మాట గుర్తొచ్చి ఆగారు.

పెద్దమ్మ వచ్చి చూసింది. వెనక వాడరేవు ఆడవాళ్ళు, ఎండు నెత్తళ్ళ చేపల బుట్టతో.

"ఒసేయ్," అంది పెద్దమ్మ నెమ్మదిగా. "ఇప్పుడు వీటిని కొట్టేదెవరే?"

ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. పది కోళ్ళు పది అమ్మవార్లలా మావంక చూస్తున్నాయి.

"తుడిచేద్దాం," అన్నాను నేను.

మా అమ్మ నా నెత్తి మీద ఒకటిచ్చింది. "పెట్టిన బొట్టు తుడుస్తారంటే!"

కొట్టకూడదు, తుడవకూడదు. పోటీ మొదలైంది. మొదట మా అమ్మ. కళ్ళకద్దుకుని బంతి వేసింది, నేరుగా బస్తాల గోడకి. బస్తాలోంచి ఘాటు లేచింది. తర్వాత వాడరేవు వాళ్ళ తరఫున ఒక పెద్దావిడ. గంగమ్మని కొలిచే మనిషి, ఆవిడా దణ్ణం పెట్టి ఇటు గోడకి వేసింది. మళ్ళీ ఘాటు. ఇలా వరసగా, ఇరు జట్లూ, ప్రాణం పెట్టి గురి చూసి, తగలకుండా వేశారు. కొత్తగా చూసేవాళ్ళకి ఇది ఎండుమిర్చి బస్తాల్ని కొట్టే ఆట అనిపించి ఉంటుంది. షెడ్డంతా తుమ్ములు. స్కోరు సున్నా, సున్నా. పెద్దమ్మ నుదురు పట్టుకుని కూచుంది.

అప్పుడు ఖాలా కొంగు బిగించి లేచింది. "అక్కా, నేను వెయ్యనా? ఇవి మా ఆయన చేసిన మంచం కోళ్ళు. నాకు వీటితో మొహమాటం లేదు."

"వెయ్యి తల్లీ," అంది పెద్దమ్మ.

ఖాలా వేసింది. పదీ పడ్డాయి. దండ ఎగిరి బస్తా మీద పడింది. బీడీలు కట్టే ముసలమ్మ ముక్కు తుడుచుకుని తీర్పు చెప్పింది: "ఉద్వాసన అయిపోయింది. ఇంక కొట్టుకోండే."

దాంతో అందరికీ ధైర్యమొచ్చింది. ఆటంటే అదీ అన్నట్టు ఆడారు ఆ రోజు. మేం ఓడిపోయాం. వాడరేవు వాళ్ళవి వలలు లాగిన చేతులు, బంతి వేస్తే బాణంలా వెళ్ళేది. పోయేటప్పుడు మా పచ్చళ్ళు వాళ్ళు పట్టుకెళ్ళారు, వాళ్ళ నెత్తళ్ళు మాకు వదిలేశారు. వారం రోజులు మా వీధి వీధంతా సముద్రం ఒడ్డున ఉన్నట్టుంది.

సోమవారం పొద్దున్నే పక్క ఊరి రైతొకాయన బండితో వచ్చాడు. ఆయన బస్తాలు సగం తడిశాయి, మిగిలిన సగమన్నా దక్కించుకోవాలి. షెడ్డులో మిగిలింది మధ్య దారొక్కటే. పెద్దమ్మ వెళ్ళి ముగ్గు చుక్కలు తనే చీపురుతో ఊడ్చి, "వేసుకో నాయనా," అంది. కోళ్ళూ బంతీ గోనెసంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చేసింది. రేటు లేచేదాకా బస్తాలు లేవవు. రేటు ఎప్పుడు లేస్తుందో దేవుడికే తెలియదు. అంటే ఆట లేదు. ఆవిడ మా వసారాలో కూచుంది. ఏడవలేదు, కోప్పడలేదు. బియ్యంలో రాళ్ళు ఏరింది. అవి ఏరిన బియ్యమని మా అమ్మ చెప్పలేదు.

నాలుగైంది. ఖాలా వచ్చింది. తర్వాత ముసలమ్మ. తొడిమల పనికి వెళ్ళినవాళ్ళు. ఒక్కొక్కళ్ళే వచ్చి వసారాలో, మెట్ల మీద, తొట్టి గట్టు మీద కూచున్నారు.

"ఇప్పుడెందుకొచ్చారే?" అంది పెద్దమ్మ.

"ఏమో అక్కా. నాలుగైంది," అంది ఖాలా.

నాన్న అప్పుడే నిద్ర లేచి టీ గ్లాసుతో బయటికొచ్చాడు. చూస్తే కాలు పెట్టే సందు లేదు. ఆయన కుర్చీలో ముసలమ్మ. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ నేలకేసి చూస్తున్నారు. ఆయన గుమ్మానికి ఆనుకుని టీ మొత్తం ఊదుకుంటూ తాగాడు.

"ఇంతమంది ఇంట్లో ఉంటే నేను టీవీ ఎట్టా చూసేది?" అన్నాడు చివరికి, గోడతో చెప్పినట్టు. "బస్తాలన్నీ మీ షెడ్డులోకి పోయె. కల్లం ఖాళీగానే పడుంది గదా. అక్కడ తగలడొచ్చుగా?"

పెద్దమ్మ చేట కింద పెట్టింది. "కరెంటు లేదు గదండీ మరిదిగారూ, టీవీకి," అంది.

"వచ్చాక చూస్తా!" అని కసిరి ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

కల్లం సిమెంటు చేయించానని నాన్న ఊరంతా చెప్పుకునేవాడు. మొదటి బంతి వెయ్యగానే ఆ గొప్ప బయటపడింది. వాన నీళ్ళు నిలవకూడదని దానికి వాలు పెట్టించాడు. బంతి ఎవరు వేసినా సగం దూరం తిన్నగా పోయి, ఎడమకి తిరిగి, పక్కవాళ్ళ గేదె దగ్గరికి వెళ్ళి ఆగేది. గేదె దానికి అలవాటు పడింది. మేం పడలేదు. రోజూ సాయంత్రం వేసి వేసి, కుడికి గురి పెడితే మధ్యలోకి వస్తుందని మా అమ్మ కనిపెట్టింది. తర్వాత వాడరేవు వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళ బాణాలన్నీ గేదె దగ్గరికే పోయాయి. ఆ రోజు నాన్న వచ్చి చూశాడు. వాలు కావాలనే పెట్టించానని అందరితో చెప్పాడు.

మిల్లు ఇప్పుడు లేదు. తుళ్ళూరు వైపు రాజధాని మాటలు మొదలయ్యాక, ఎక్కడెక్కడి నేలకో రెక్కలొచ్చాయి. షెడ్డు పడగొట్టి ప్లాట్లు వేశారు. మిల్లు తాతగారు లేరు. సాయిబుగారి లేతు మిషను వాళ్ళబ్బాయి దగ్గరుంది. ఇప్పుడెవరూ కోళ్ళ మంచాలు చేయించుకోరు. ఆయన చేసేవన్నీ పడేవే. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చి పట్టుకెళతారు. మిరప ఎత్తేశాక వాళ్ళ కల్లాల్లో చుక్కలు పడతాయి.

పెద్దమ్మకి మోకాళ్ళు పోయాయి. బంతి వెయ్యలేదు. అయినా ఊరూరా తిరిగి, కొత్తవాళ్ళకి కుదురుగా నిలబడటం నేర్పి వస్తుంది. మొన్న ఊరెళ్ళినప్పుడు నేను ఆవిడ పక్కనే ఉన్నాను, ఫోన్ మోగింది. ఎవరో కుర్ర రైతు. కొత్తగా కల్లం సిమెంటు చేయిస్తున్నాడట, కంకర కలిపి సిద్ధంగా ఉందట.

"అమ్మా, మావాళ్ళు మిమ్మల్ని అడక్కుండా పొయ్యొద్దంటున్నారు. వాలు ఎటు పెట్టమంటారు?"

పెద్దమ్మ మోకాలు రాసుకుంటూ, "నీళ్ళు ఎటు పోవాలో అటే పెట్టుకో నాయనా," అంది. "బంతి సంగతి మేం చూసుకుంటాం."